సిస్టం ఎవరి తాలూకు?

కొల్లేటి లంకల్లో ఒంటి బల్బు ఇంట్లో ఉండే మామ్మగారు, పింఛను ఎందుకు రాలేదో కనుక్కుందామని గ్రామ సచివాలయానికి వెళ్లిందనుకోండి. "కరెంటు 300 యూనిట్లు దాటిందండి, సిస్టం తీసుకోవట్లేదు" అంటాడు కుర్రాడు తలెత్తకుండా. ఆవిడ ఆధార్‌కి ఎవరిదో చేపల చెరువు మీటరు తగులుకుంది. ఏరేటర్లు తెల్లవార్లూ అక్కడ తిరుగుతుంటే, ఇక్కడ ఈవిడ ధనవంతురాలైపోయింది.

"సిస్టమంటే ఎవరి తాలూకయ్యా? ఏలూరాయనా, గూడెం ఆయనా?"

నవ్వకండి. ఎవరి తాలూకో తెలిస్తే ఎవరిచేత చెప్పించాలో తెలుస్తుంది. గోదావరి జిల్లాల్లో పరిపాలన నడిచేది ఆ ఒక్క ప్రశ్న మీదే.

పథకాలకి భూమి, కారు, ఆదాయపు పన్ను, కరెంటు అంటూ ఆరంచెల వడపోత పెట్టాక ఊళ్లో రెండు పార్టీలయ్యాయి. పథకం అందినాయన "మిషను లంచం అడగదండీ, కులం చూడదు" అంటాడు. అందనాయన "మనిషన్నవాడు ఓసారి చూడాలి కదండీ" అంటాడు. వచ్చే జాబితా తారుమారైతే ఇద్దరూ పార్టీ మార్చేస్తారు. పైగా ఈ రెండో ఆయన అడిగే మనిషి ఎవరో ఒకరైతే చాలదు, మనవాడై ఉండాలి.

సరే, మనిషే చూశాడనుకుందాం. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ మండలానికి దిగి, అక్కణ్నుంచి అదే సచివాలయానికి, అదే కుర్రాడి బల్ల మీదికి వస్తుంది. అతను అదే స్క్రీన్ చూసి "విచారించడమైనది, అనర్హులు" అని కొడతాడు. మామ్మగారి ఫోనుకి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని మెసేజీ. సంతృప్తి చెందారా లేదా నొక్కి చెప్పమని ఇంకో ఫోను. ఆవిడకి నొక్కడం రాదు కాబట్టి అసంతృప్తి నమోదు కాదు.

పక్క రాష్ట్రంలో ఇలాగే ఇళ్లు చూడకుండా కంప్యూటర్ లెక్కలతో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు తీసేశారని పిటిషన్ పడితే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమంది. అంటే కాళ్లతో నడిచి వెళ్లి చూడమని. యూరప్‌లో ముఖ్యమైన నిర్ణయాన్ని యంత్రం ఒక్కటే చేసేస్తే మనిషి జోక్యం కోరే హక్కు 2018 నుంచి ఉంది. మన 2023 డేటా చట్టంలో ఆ ఊసే లేదు.

ఆ హక్కు వచ్చేదాకా మీరే ఓ పని చేయండి. అనర్హులన్నప్పుడు ఏ మీటరు, ఏ నంబరు, ఎక్కడుందో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.