‘లేదు’ల చిట్టా

మా రోజుల్లో వ్యాపారం చేయాలనుకున్నవాడు ముందు ఎవరి కొట్లోనో గుమాస్తాగా చేరేవాడు. ఇప్పటి పిల్లలు ముందు కంపెనీకి పేరు పెడుతున్నారు, లోగో గీయిస్తున్నారు. ఏం అమ్ముతారర్రా అని అడిగితే, "ఐడియా కోసం వెతుకుతున్నాం తాతయ్యా" అంటున్నారు.

గదిలో కూర్చుని వెతికితే అది దొరకదు. ఎదుటివాడి ఇబ్బంది చెవిన పడే చోట ఉండాలి.

గుంటూరులో నేను పనిచేసిన హార్డ్‌వేర్ కొట్లో మా యజమాని ఖాతా పుస్తకం చివరి పేజీల్లో ఒక చిట్టా రాయించేవారు. ఎవరైనా అడిగితే మనం ‘లేదు’ అన్న సరుకంతా అందులోకి ఎక్కాలి. అడిగినవాడిది ఏ ఊరో, దేనికి కావాలన్నాడో కూడా రాయాలి. పత్తికీ మిరపకూ మందు కొట్టే రోజుల్లో ఆ పేజీల నిండా స్ప్రేయర్ వాషర్లు, నాజిళ్లే. చిన్న వాషరు పోయినందుకు రైతు పని ఆపుకుని, బస్సెక్కి టౌనుకు వచ్చేవాడు.

నాతోపాటు పనిచేసిన కుర్రాడు ఆ పేజీలు చూసే సొంత కొట్టు తెరిచాడు. పెట్టుబడికి చీటీ పాడుకున్నాడు. మొదటి సీజన్లో కొద్దికొద్దిగా అన్ని స్పేర్లూ తెచ్చి, కదిలినవాటినే మరుసటి ఏడు ఎక్కువగా దింపాడు. కొన్నవాళ్లు బిగించడం రాక తిరిగొస్తుంటే మెకానిక్‌ను పెట్టాడు. రిపేరుకిచ్చి పొలం పని ఆగిపోయిందని వాళ్లు మొత్తుకుంటే స్ప్రేయర్లు అద్దెకిచ్చాడు. ఆలోచన అలా పెరుగుతుంది. పెంచేవాడు కొనేవాడే.

ఇప్పుడో, ఎవరైనా ఎత్తుకుపోతారని ఐడియాను బయటికే చెప్పరు. మా రోజుల్లో నలుగురికీ చెప్పడమే మొదటి పని. "ఈ సరుకు ఎక్కడ తెచ్చుకుంటున్నారు, ఎంత పడుతోంది, మేం తెస్తే కొంటారా" అని అడిగేవాళ్లం. "బాగుందయ్యా" అన్న మెచ్చుకోలును లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు. చేతిలో అడ్వాన్సు పెడితేనే లెక్క. ఈ పిల్లలు స్నేహితులు కొట్టిన లైకులు చూపించి పెట్టుబడి అడుగుతున్నారు. కొనాల్సినవాడి గుమ్మం ఒక్కసారీ తొక్కలేదు.

కాలం మారిందంటారు. కాలం మారితే మనుషుల ఇబ్బందులు తీరిపోయాయా? ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి పోచంపల్లి చీరకు ఆసు పోస్తూ, మేకుల చుట్టూ దారం చుట్టడానికి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడేది. ఆమె బాధ చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఫణీంద్ర సామకు దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. స్నేహితులతో కలిసి ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో కనుక్కున్నాడు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ 2006లో అలా మొదలైంది. పిల్లలూ, అతను మీ కాలంవాడే, ఇంజనీరింగే చదివాడు. కానీ టికెట్లమ్మే వాళ్ల దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాడు.

మాకు లేనివన్నీ మీకున్నాయి. 2015లో చిన్న వ్యాపారాలకు ముద్రా రుణాలొచ్చాయి, అదే ఏడు హైదరాబాదులో కొత్త కంపెనీలకు అండగా టీ-హబ్ వచ్చింది, 2016లో స్టార్టప్ ఇండియా పథకం వచ్చింది. మేం అప్పు కోసం నెలల తరబడి తిరిగేవాళ్లం. ఇంత అండ ఉండి కూడా పక్క ఊళ్లో నడుస్తున్న యాప్‌కే కొత్త రంగు పూస్తుంటే నాకు కడుపు మండుతోంది.

అందుకే చెబుతున్నాను. మీకు నచ్చిన పని ఎక్కడ జరుగుతుందో అక్కడ కొన్నాళ్లు జీతానికి చేరండి. లేదనిపించుకుని వెళ్లిపోయే వాళ్లను గమనించి రాసుకోండి. అందులో ఒక్కటి పట్టుకుని, చిన్నగా తయారుచేసి, డబ్బు తీసుకుని అమ్మండి. ఊరికే ఇస్తే నిజం తెలియదు. కొన్నవాడు రెండోసారి వస్తే అప్పుడు బ్యాంకుకు వెళ్లండి. రాకపోతే వాళ్లింటికి వెళ్లి, ఎందుకు రాలేదో అడగండి.