ముక్క రానివాని పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: 2003లో లాస్ వేగస్ నగరమున, బినియన్స్ హార్స్‌షూ అను జూదశాలలో, ప్రపంచ పోకర్ పోటీ కడపటి ఘట్టము. టెనెసీకి చెందిన అకౌంటెంటు క్రిస్ మనీమేకర్, ఆరితేరిన ఆటగాడు శామీ ఫర్హా, ఇద్దరే మిగిలిరి. నాయకుని ఇంటిపేరు కవి కల్పించినది కాదు.

మూలము:

ముక్క రాకపోయె ముందున్న డబ్బంత
తోసె నడుమ కొకఁడు తొణకకుండ
జంట చేత నుండ జంకెను రెండవ
వాఁడు ముక్క పాఱవైచె నయ్యొ

టీక: ముక్క = కోరిన పేకముక్క; డబ్బు = చిప్పుల గుట్ట; నడుమకు = పందెపు రాశిలోనికి; ఒకఁడు = మనీమేకర్; జంట = తొమ్మిదుల జత; రెండవవాఁడు = ఫర్హా; ముక్క పాఱవైచె = ఓటమి ఒప్పుకొనెను. (ఏకవచనము ఛందస్సు కొఱకు, పాఱవైచినవి రెండు.)

తాత్పర్యము: ఏమియు లేనివాడు ఉన్నట్లు పందెము కాయగా, ఉన్నవాడు తప్పుకొనెను.

విశేషములు: 'ముక్క రాకపోయె' అనుటచే, రాదగిన ముక్కలెన్ని యను ప్రశ్న పుట్టును. నాయకుని చేత ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. బల్లపై ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు. నాలుగవది ఇస్పేటు ఎనిమిది. ఇక ఏ ఇస్పేటు పడినను ఫ్లష్ (ఒకే గుర్తువి అయిదు). అయిదో పదో పడినను వరుస. ఇస్పేట్లలో కనబడినవి 4, మిగిలినవి 9. అయిదులు, పదులు కలిపి 8. అందు ఇస్పేటువి రెండు ముందే లెక్కకెక్కినవి గనుక 6. వెరసి రాదగినవి 15; వీనినే ఔట్లు అందురు. ఆ రెంటిని మరల కలిపి 17 అనువారు పేకాటకంటె చిట్టీల వ్యాపారమునకు తగుదురు. కనబడని ముక్కలు 46. కావున అవకాశము నూటికి 33కు రవంత తక్కువ. బల్లకడ భాగహారము చేయలేనివారు ఔట్లను రెంటితో హెచ్చవేసి 30 అందురు. అదియు చాలును.

ఈ దశలో పెంచిన పందెము సగము బుకాయింపే. ఎదుటివాడు బెదరకున్నను మూడింట ఒకపాలు ముక్కయే ఆదుకొనును. దీనికి సెమీ బ్లఫ్ అని పేరిడినవాడు డేవిడ్ స్క్లాన్‌స్కీ. అయితే ఇస్పేటు రాణి ఫర్హా చేతనే యున్నది. నాయకుని 15లో అది యొకటి! ఈ సంగతి టీవీ ప్రేక్షకులకు తెలియును, నాయకునికి తెలియదు.

అయిదవదిగా ఆఠీను మూడు పడెను. 15 సున్న ఆయెను. ఇక లెక్క ముక్కలది కాదు, మనిషిది. రాశికి సమానముగా పందెము కాచినచో, ఎదుటివాడు రెండింట ఒకసారికంటె ఎక్కువగా ముక్కలు పాఱవేసిననే లాభము. రాశిలో సగమే కాచినచో మూడింట ఒకసారికి మించిన చాలును. ఫర్హా ఎన్నిమార్లు పాఱవేయునో ఏ ఎక్కములోను లేదు. 'తొణకకుండ' అను పదము ఇందుకే వచ్చినది.

పాఠాంతరము: 'వణకుకొనుచు' అని కొందఱు చదువుదురు. యతి చెడును, పందెమును చెడును.

'అయ్యొ': ఇది ఫర్హాపై జాలి యని కొందఱి మతము. మాకు సమ్మతము కాదు. మనీమేకర్‌కు పోటీ గెలిచినందుకు 25 లక్షల డాలర్లు దక్కెను. ఆ యేడు ఆడినవారు 839 మంది. మఱుసటి యేడు 2,576 మంది దిగిరి. 'అయ్యొ' వారినిగూర్చి యని మా పక్షము.