రాగి పిడి సూది

పుట్టింది చైనాలోని సుజౌలో. ఒళ్లు స్టీలు, పిడికి రాగి తీగ. నా విద్య ఆకుపంక్చర్. అది రెండు వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌డీ నైజింగ్’ గ్రంథంలోనే ఉంది. 1938లో మన దేశం నుంచి డాక్టర్ కోట్నిస్‌తో చైనా వెళ్లిన వైద్యుల్లో ఒకరైన బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లి, దాన్ని నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు.

నేను చేరింది జ్యోతినగర్‌లో, సూదులతో వైద్యం చేసే ఓ సారు క్వార్టర్ ముందుగదికి. అక్కడికి గోదావరిఖని నుంచి ఒక కాక వచ్చేవాడు. బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. చెంపకు ఎప్పుడూ తువ్వాల చుట్టి ఉండేది. చల్లగాలి తగిలినా, పళ్లు తోముకున్నా, ముద్ద నమిలినా మొహంలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి. పంటి నొప్పే అనుకుని దవడ పళ్లు పీకించుకున్నాడు. నొప్పి పోలేదు. ఎలా పోతుంది? తప్పు పంటిది కాదు. మెదడు నుంచి మొహానికి వచ్చే ఐదో నరాన్ని, అది బయల్దేరే చోట, రక్తనాళం ఒత్తుతుంటుంది. చాలామందిలో కారణం అదే. డాక్టర్లు ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు.

మా సారు నన్ను కాక బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దించేవాడు. నా తోటి సూదిని చెవి ముందు, చెంప ఎముక కింది గుంటలో.

“ఎట్లుంది కాకా?”

“బరువుగ గుంజుతున్నది సారూ.”

ఒకరోజు కాక అక్కడే కూర్చుని, తువ్వాల తీసి, మెల్లగా చాయ్ తాగాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

అది చూసి సారు, “ఇక గోలీలు బందు పెట్టు” అన్నాడు. ఆ మాట నేనెప్పటికీ మరిచిపోను. ఈ జబ్బుకు మొదటి మందు కార్బమజెపిన్. నొప్పి దానికి లొంగకపోతే రక్తనాళాన్ని నరం మీద నుంచి పక్కకు తప్పించే ఆపరేషన్ ఉంది. ఈ నొప్పి మీద నాతో జరిగిన పరిశోధనలు చిన్నవి, వాటి బలమూ తక్కువే. మాత్రల పక్కన ఉండి సాయపడగలను గానీ వాటి చోటు నాది కాదు. గోలీలు ఆపేసిన కాక చలికాలం రాగానే నీళ్లు కూడా మింగలేక మళ్లీ వచ్చాడు.

ఇంకో బాధ. నన్ను ఒకరి చెంప నుంచి ఇంకొకరి చెంపకు, ఉత్త స్పిరిట్ దూదితో తుడిచి మార్చేవాళ్లు. హెపటైటిస్ బి అలాగే పాకుతుంది. ఇప్పుడు ఒక్కసారి వాడి పారేసే సూదులొచ్చాయి. 2019లో కేంద్రం ఆకుపంక్చర్‌ను గుర్తించింది కూడా. అప్పటికే నేను సజ్జ మీద జర్దా డబ్బాలో పడి ఉన్నాను.

సారు క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు డబ్బాను వదిలేసి పోయాడు. కొత్తగా దిగినవాళ్లు దుమ్ముతోపాటు దాన్నీ చెత్త సంచిలో వేశారు. మూత ఊడింది. పొద్దున మున్సిపాలిటీ అక్క వట్టి చేతులతో సంచి ఎత్తుతుంది. ఆమె రాకముందే ఎవరైనా నన్ను పట్టకారుతో తీయండి. ఆసుపత్రిలో సూదులు వేసే తెల్ల డబ్బాలో వేయండి.