బొమ్మను నిలువనియ్యరు

మా మనవడు ఫోను చేతుల వెట్టి, "తాతా, కొత్తయి పాతయి అన్నీ ఇండ్లనే ఉన్నయి, జూస్కో" అన్నడు. జూసిన. జూసినంక నోరు మూస్కొమ్మంటే ఎట్ల?

పుష్ప 2 మాత్రం ఫోన్ల గాదు, పోరగాండ్లు పట్నంల పెద్ద టాకీసుకు తోల్కపొయ్యి జూపిచ్చిన్రు. 3 గంటల 20 నిమిషాలు. టికెట్టు పైసలతోని ఇంట్లకు వారం కూరగాయలొస్తయి, మక్కప్యాలాలకు మళ్ల అలగ్. సప్పుడుకు గుండెలదిరినయి గని ఎవడేమన్నడో సగం సమజ్ కాలే. అల్లు అర్జున్ చీర గట్టి గంగమ్మ జాతరల ఆడిన కాడ మాత్రం కండ్లు తిప్పలే. తిరుపతి కాడ ఆ మొక్కు నిజంగనే ఉన్నది, మొగోళ్లు ఆడేషం గడ్తరు. బయటికి రాంగనే మావోడు "ఎన్ని కోట్లొచ్చినయో ఎర్కేనా తాతా" అన్నడు. మా రోజుల్ల ఆ లెక్క టాకీసోడు జూస్కుంటుండె. మేం కథ గురించి కొట్లాడుకుంటుంటిమి.

మాయాబజార్ గూడ 3 గంటలు దాటుతది. 1957ది, కె.వి. రెడ్డి తీసిండు. డేరా టాకీసుల నేల టికెట్టు మీద జూసినోళ్లం మేము. మిషను ఒక్కటే ఉంటుండె, రీలు మార్చినప్పుడల్ల లైట్లేస్తుండె, ఆ సందుల బీడీలు, పల్లీలు, లొల్లి. మొన్న మళ్ల జూసిన. పెండ్లి పీటల మీద సావిత్రి కూసొని రేలంగి కాలు తొక్కుతది సూడుండ్రి. మొఖం పెండ్లిపిల్లది, తొక్కుడు ఘటోత్కచునిది! మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ మొఖాన్ని తీరిపాటంగ జూడనిస్తది. ఇప్పుడైతే ఆ ఒక్క కాలును ఏడు దిక్కులకెల్లి జూపిచ్చి, ఎన్క డప్పులు గొట్టి, తొక్కింది ఎవరో మర్శిపొయ్యేటట్టు జేస్తుండ్రి. 2010ల దానికి రంగులేసిన్రు. ఎవలడిగిన్రు?

గట్లని మా రోజులన్నీ బంగారమంటె కండ్లు పోతయి. మన మాట ఎవరి నోట్ల ఉంటుండె? 1985ల ప్రతిఘటన వచ్చింది. కోట శ్రీనివాసరావు కాశయ్య మంత్రై మన యాసల మాట్లాడుతుంటే ఈలలేసింది మేమే. ఏం నటుడు! గని అటెన్క దొంగకు మన యాస, గూండాకు మన యాస, నవ్విచ్చెటోనికి మన యాస. హీరోకు మాత్రం కిష్ణా జిల్లా మాట. మా భూమి మాత్రం వేరే. ప్రతిఘటన కన్న ముందే, 1980ల వచ్చింది. తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలాయన, కథేమో కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల, పైసలు వెట్టినోళ్లల్ల మన బి. నర్సింగరావు. సాయిచంద్ రామయ్య అయ్యిండు, గద్దర్ గొంతెత్తి పాడిండు. బెంగాలాయనకు సమజైన మన దొర గడీ మద్రాసుల కూసున్నోళ్లకు ఎందుకు కాలేదో!

కొత్తయాట్ల మల్లేశం మంచిగుంది. తల్లి రెట్ట నొప్పి జూడలేక ఆసు మిషను జేసిన చింతకింది మల్లేశం కథ. 2019లనే వచ్చినా మా పోరగాండ్లకు పేరు సుత తెల్వదు. ఇగ 2023ల వచ్చిన బలగం. మొదట్ల పోరని అప్పులు, లగ్గం యవ్వారం జరంత సాగదీసిండు డైరెక్టరు వేణు. పోరని తాత కొమరయ్య సచ్చినంక సిన్మా లేస్తది. నల్లిబొక్క కాడ పడ్డ పంచాది, బావబామ్మర్దులు మాటల్లేకుంట ఉండుడు, పిట్ట ముట్టకపోతే ఇంటోళ్ల మొఖాలు. అగో, అక్కడ నిలబెట్టిండు బొమ్మను! ఊర్లల్ల తెర గట్టి అందరు కలిసి జూసి ఏడ్సిన్రు. దాని మీద నా నోరు లేవలే.

గని నాకొక గులుగుడున్నది. నల్లగొండ దిక్కు కథ వచ్చింది, సిరిసిల్ల దిక్కు కథ వచ్చింది. మా కోస్గి నుంచి, కొడంగల్, నారాయణపేట నుంచి ముసలోళ్లను ఇంటికాడ ఇడిసి, పిల్లలను సంకనేసుకొని బొంబాయికి, పునాకు మట్టి పనికి పొయ్యినోళ్ల మీద నా కంటికి ఒక్క సిన్మా వడలే. మనవనితోని గదే అన్న.

"ఎవడు జూస్తడు తాతా, అండ్ల ఫైట్లుండయి" అన్నడు.

"ఎందుకుండవురా? మేస్త్రి కూలి పైసలియ్యని కాడికెల్లి మొదలువెట్టుమను" అన్న.