బొజ్జ వెదురు చెప్పిన మాట

నేను బుద్ధుడి బొజ్జ వెదురును. నెక్కొండలో రైలు పట్టాలకు కాస్త ఇవతల, ఒక ఇంటి వాకిట్లో, సిమెంటు కుండీలో ఏడేళ్ళు బతికాను. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే బండి దాటినప్పుడల్లా కుండీ సన్నగా అదిరేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు నా ఉబ్బులనే తడిమేవాళ్ళు. కణుపుకీ కణుపుకీ మధ్య ఒక్కోటి చిన్న చెంబులా ఉంటుంది. "ఎంత ముద్దుగున్నదో!" అనేవాళ్ళు.

ఆ ముద్దు ఎలా వచ్చిందో చెబుతాను. మా పుట్టిల్లు దక్షిణ చైనా. నేలలో నాటి, నీళ్ళు బాగా పెడితే మేమూ అన్ని వెదుళ్ళలాగే నిటారుగా ఇల్లు దాటి పెరుగుతాం. అప్పుడు బొజ్జ రాదు. ఇరుకు కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి, నీళ్ళకు కటకటలాడితేనే కణుపులు దగ్గరపడి కాండం ఉబ్బుతుంది. మీరు మెచ్చుకున్న బొజ్జ తిని పెరిగింది కాదు, దప్పికతో వచ్చింది.

ఆ ఇంట్లో ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు చాటలమ్ముకునే మేదరాయన. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో వచ్చేవాడు. నా పక్కన గొంతుకూర్చుని, గోటితో కొట్టి చప్పుడు విన్నాడు. కత్తి పట్టీ పట్టీ ఆయన చూపుడువేలి పక్కన కాయ కాచింది. "దీంట్ల బద్ద ఎల్లదు అవ్వా, కణుపులు మరీ దగ్గరున్నయి. దీనికి నీళ్ళు సాల్తలెవ్వు" అన్నాడు. ఆ ఇంటి నాయనమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కూర్మయ్య వచ్చాడు. రాయలసీమ వైపు నుంచి ఎవరో చుట్టం గుడ్డసంచిలో పెట్టి తెచ్చాడు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్క నుంచి చీలినట్టు విచ్చుకున్న నక్షత్ర తాబేలు. నిమ్మకాయంత ఉన్నాడు. "ఇంట్ల ఉంటె లచ్చిమి నిలుస్తదట బిడ్డా" అని నాయనమ్మ మనవరాలికి చెప్పింది. ప్రేమకు లోటు లేదు. పెరుగన్నం, అరటిపండు, నానబెట్టిన శనగలు పెట్టేవాళ్ళు. రాత్రి చలువరాళ్ళ గదిలో పడుకోబెట్టేవాళ్ళు. వాడికి కావలసింది గడ్డి, ఆకూ అలమూ, కాస్త తేమ నేల. పగలు నా దగ్గరికి వదిలితే నా కింది ఆకులు అందుకుని కరకరా కొరికేవాడు. నోరు తెరిచి, మెడ చాచి, ఒక్కో ఆకునూ లాగి తెంపేవాడు. అలా తెంపినప్పుడు నాకు నొప్పి లేదు. ఆ ఇంట్లో నా దగ్గర దొరికిన ఆకుతోనే వాడి కడుపు సరిగ్గా నిండేది.

మూడేళ్ళలో వాడి డిప్ప మీద ప్రతి పలకా గుట్టలా లేచింది. ఇంటివాళ్ళు అదీ అందమే అనుకున్నారు. వాడిని నా మొదట్లో కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాళ్ళు. నా బొజ్జలు, వాడి గుట్టలు ఒకే ఫొటోలో. నేను మనిషినైతే అక్కడే ఏడ్చేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాయనమ్మ వాడిని నీళ్ళ తొట్టిలో వదిలింది. తప్పు ఆమెది కాదు. ఆమెకు తెలిసినవి పొలాల్లో, చెరువుల్లో ఈదే నీటి తాబేళ్ళు. నీళ్ళు ఎండితే బురదలో దూరి దాక్కునేవి. కూర్మయ్య మెట్ట జీవి, ఈత రాదు. రాయిలా మునిగాడు. మనవరాలు పరిగెత్తుకొచ్చి, మోచేతుల దాకా తడిసి, పైకి తీసి తలకిందులుగా పట్టింది. ముక్కులోంచి నీళ్ళు కారాయి. కాలు కదిలింది.

పశువుల డాక్టర్ వాడి ప్రాణానికి భయం లేదన్నాడు. డిప్ప మీది గుట్టలను వేలితో చూపిస్తూ, "ఇది సోకు కాదమ్మా, పొడి గాలికి, పనికిరాని తిండికి వచ్చిన వంకర. ఇక సరికాదు" అన్నాడు. నక్షత్ర తాబేలును పెంచుకోవడం నేరమనీ, 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఇదీ ఉందనీ చెప్పాడు. దొంగచాటుగా దేశాలు దాటించి అమ్ముతున్నారనే 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. నా సంగతి వేరు. అడవి బయట పెరిగిన వెదురు అటవీ చట్టం లెక్కలో చెట్టు కాదని 2017లో తేల్చారు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. తెల్లారి అటవీశాఖకు ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చినప్పుడు నాయనమ్మ వాడి డిప్పకు పసుపు రాసింది. "తెల్వక చేసినం నాయినా" అంది, వాడితోనే. మనవరాలు నా కింది ఆకులు గుప్పెడు తెంపి పెట్టెలో వేసింది. నేను చూడగలిగింది గేటు దాకానే.

వానలు మొదలయ్యాక నాయనమ్మ కొడుకు సుత్తితో నా కుండీ పగలగొట్టాడు. గోడ వారగా గొయ్యి తీసి, పశువుల ఎరువు వేసి దించారు. పాత కాండాలు పాత బొజ్జలతోనే ఉన్నాయి. వెదురు కాండం మొలిచినప్పుడు ఎంత లావో అంతే, తర్వాత మారదు. శ్రావణంలో ఒక కొత్త కొమ్ము నేలను చీల్చుకుని వచ్చింది. మనవరాలు రోజూ గోడ మీద బొగ్గుతో గీత గీసేది. అది మనవరాలి భుజం దాటింది. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు సందుంది, ఎక్కడా ఉబ్బు లేదు.

చాటలమ్మే ఆయన మళ్ళీ వచ్చి గోటితో కొట్టి విన్నాడు. "ఇప్పుడు ఎల్తది అవ్వా బద్ద" అన్నాడు.