ముందు నా చెవి మెలిపెట్టండి

నా తలకు ఆరు చెవులు. వీణవాళ్లు బిరడలంటారు, గిటారువాళ్లు కీలంటారు. నేను చెవులనే అంటాను, పట్టుకుని మెలిపెడితే తప్ప నాకు బుద్ధి రాదు కాబట్టి. 1976లో హైదరాబాద్ కంచన్‌బాగ్ వచ్చాను. ఆ తర్వాత నలభై అయిదేళ్లలో ఈ ఆరింటినీ సరిగ్గా తిప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

పుట్టింది కలకత్తాలో, అమ్ముడుపోయింది సుల్తాన్ బజార్లో. కొన్నాయన అప్పుడు పాతికేళ్ల బ్రహ్మచారి. ఇక్కడి ఒక లోహాల కర్మాగారంలో కొలతలు సరిచూసే ఉద్యోగం. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, బీడీఎల్, మిధాని లాంటి రక్షణ సంస్థలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఈ పేటలో తీగ అంటే జనానికి ముందు ప్రహరీ మీది ముళ్లతీగే గుర్తొస్తుంది. ఈయనకు మాత్రం ‘యాదోం కీ బారాత్’ చూసినప్పటినుంచీ జీనత్ అమన్ చేతిలోని గిటారు తీగలే గుర్తు. నన్ను ఇంటికి తెచ్చిన రాత్రే ఆ సినిమా పాట వాయించబోయాడు. పాట మధ్యలోంచి మొదలుపెట్టాడు, అదీ శ్రుతి లేని తీగల మీద. నాలుగో రోజుకు వేళ్లు మండాయి. ‘దీనిలో ఏదో లోపం ఉంది’ అని తేల్చి నన్ను బీరువా ఎక్కించాడు.

లోపం ఏళ్లు గడిచాక నిజంగానే వచ్చిందనుకోండి. అది తర్వాత చెబుతాను.

మూడేళ్లకు పెళ్లయింది. ఇల్లాలు రాజమండ్రి మనిషి, వర్ణాల దాకా వీణ నేర్చుకుంది. వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది. నన్ను ‘సినిమా వాయిద్యం’ అనేది, దసరాకోసారి దుమ్ము దులిపేది. 1982లో డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చిన అబ్దుల్ కలాం వీణ వాయిస్తారని పేటలో చెప్పుకునేవారు. ఒకరోజు భర్త ఆ మాటే భోజనాల దగ్గర అన్నాడు. “క్షిపణులు చేసే ఆయనకు తీరిక దొరికింది చూడండి” అంటూ ఆవిడ బీరువా పైకి చూసింది. నాకోసమే అనుకుని పొంగిపోయాను. చూసింది నన్ను కాదని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

2021లో మనవరాలు నన్ను కిందికి దించింది. పదమూడేళ్ల పిల్ల, చేతిలో ఫోన్. ఫోన్లో ఎవరో పదిరోజుల్లో పాట వచ్చేస్తుందంటున్నాడు. ఆ పాటలో ఎఫ్ కార్డ్ ఉంది. చూపుడు వేలిని ఆరు తీగల మీదా పరిచి నొక్కాలి. కొత్తవాళ్లకు అది కొండ. ఆ కొండతోనే మొదలుపెట్టింది పిల్ల. రెండో సాయంత్రానికి కళ్లనీళ్లు.

“తాతయ్యా, దీనిలో ఏదో లోపం ఉంది.”

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. నలభై అయిదేళ్ల కిందటి తన మాటే మరి. కానీ ఇప్పుడాయన రిటైరైన మనిషి, చేతినిండా తీరిక. పాత పెట్టెలోంచి ఫీలర్ గేజ్ తీసి పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు కొలిచాడు. నాలుగు మిల్లీమీటర్లు. రెండున్నర దగ్గర ఉండాల్సిన చోట! వదిలేసిన తీగలు ఏళ్లతరబడి లాగీ లాగీ నా మెడను ముందుకు వంచేశాయి. నాలాంటి పాతవాటిలో చాలావాటిని పిల్లలు ఇలాగే ‘మాకు రాదు’ అని వదిలేస్తారు. రానిది పిల్లలకు కాదు, తీగ అందుబాటులోకే రావట్లేదు. గిటారు నేర్చుకోవాలనుకునేవాళ్లు పాట వెతుక్కునే ముందు ఆ సందు కొలిపించుకోవాలని నా మనవి.

పెద్దాయనకు ఇక పండగే. తీగలు కూర్చునే ఎముక కమ్మీని ఊడదీసి ఎమెరీ కాగితం మీద రుద్దాడు. పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే ఇక్కడ రెండు అరగాలి. ఆ లెక్క ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. తీగలు మార్చాడు. పన్నెండు గేజ్ సెట్ బిగిస్తే ఆరు తీగలూ కలిసి నా మెడను 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి, అంతకన్నా సన్నటి పది గేజ్ అయితే 60 దగ్గర ఆగుతాయి. పది గేజే తెచ్చాడు. లావు తీగల మీద చుట్టిన ఫాస్ఫర్ బ్రాంజ్‌ను భూతద్దంలో చూసి, “రాగీ తగరం కలిసిన మిశ్రధాతువమ్మా ఇది!” అని మురిసిపోయాడు. పిల్ల ఆవలించింది.

అంతా అయ్యాక మీటితే వినలేనంత అపశ్రుతి. కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి, మొదటి రెండు మూడు రోజులు గంటకోసారి చెవి మెలిపెట్టాల్సిందే. గేజ్‌తో కొలిచే మనిషికి ఇది అంతుపట్టలేదు. అప్పుడు వంటింట్లోంచి గొంతు వినిపించింది.

“ముందు శ్రుతి చెయ్యండి. చెవులు చిల్లులు పడుతున్నాయి.”

చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది ఆవిడ. నా లావు తీగ మీటింది, గొంతు కలిపి ‘స’ అంది. పక్క తీగ మీటి కళ్లు మూసుకుంది. “ఇది మధ్యమం.” తర్వాతి తీగకూ మధ్యమమే. ఆ తర్వాతా అంతే. మూడో తీగనుంచి రెండో తీగకు వచ్చేసరికి తల ఊపింది. “ఇక్కడ మాత్రం గాంధారం పెట్టారేమే? అంతర గాంధారం. మళ్లీ చివర మధ్యమం.”

గిటారు పాఠాలన్నిట్లోనూ ఉంటుంది: అయిదో మెట్టు నొక్కితే వచ్చే నాదానికి కింది తీగ కలపాలి, ఒక్క మూడో తీగను మాత్రం నాలుగో మెట్టు దగ్గర నొక్కాలి. పిల్లలు దాన్ని ఎక్కంలా బట్టీపడతారు. ఆవిడ అయిదు నిమిషాల్లో చెవితో విని చెప్పింది. ఆ క్షణాన నా మీదున్న ‘సినిమా వాయిద్యం’ మచ్చ పోయిందనిపించింది. పోలేదు, తర్వాత కూడా అలాగే అంటోంది.

“ఫోన్లో ట్యూనర్ ఉంది అమ్మమ్మా.”

“ఉండనీ. ముందు గొంతుతో పలుకు, తీగ కలుపు, ఆ తర్వాత ఫోన్ చూడు. ఫోన్ తప్పంటే నేను ఒప్పుకోనులే.”

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆ గురువుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగమీద వెతుక్కునేవాడు. మా ఇంట్లోనూ అదే వరస, స్థాయి మాత్రం నేలా నింగీ.

ఎఫ్ కార్డ్‌ను ఆవిడ ఒక్కమాటతో కొట్టేసింది. “సరళీ స్వరాలు రాకుండా వర్ణం పాడతావుటే?” అన్నిటికన్నా తేలికైనది చూపించమంది. ఈ మైనర్: అయిదో తీగ, నాలుగో తీగ, రెండో మెట్టు, రెండే వేళ్లు, ఆరు తీగలూ మోగుతాయి. ఆవిడ సంగీతంలో ఇలా ఒకేసారి కలిపి మోగించడం లేదు. విని, “షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం. మూడూ కలిసి ఏడుస్తున్నట్టుందే, బాగుంది” అంది. దానికి జతగా ఏ మైనర్. వేలు మెట్టు మీద కాదు, మెట్టుకు సరిగ్గా వెనక ఆనాలి. అప్పుడే తక్కువ బలంతో నాదం శుభ్రంగా వస్తుంది. ఇది వీణలో మొదటిరోజు పాఠమట.

అసలు చిక్కు కార్డ్ పట్టడంలో లేదు, ఒకదాన్నించి ఇంకోదానికి మారడంలో ఉంది. పిల్ల ఎడమచేతి వేళ్లు సర్దుకునేదాకా కుడిచెయ్యి ఆపేసేది. సర్దుకున్నాక మళ్లీ మొదలు. పాట కుంటుతుంది. అమ్మమ్మ తొడమీద ఆదితాళం వేసింది. “ఎనిమిది దెబ్బలు ఒకటి, ఎనిమిది రెండోది. వేళ్లు కుదరకపోయినా కుడిచెయ్యి ఆగకూడదు. మోగకపోతే మోగకపోనీ, తాళం తప్పకు.” మొదటి కాలంలోనే వారం రోజులు. పిల్లకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది. ఎనిమిదో రోజున వేళ్లు తాళంకన్నా ముందే వెళ్లి కూర్చున్నాయి. పిల్ల ఆశ్చర్యపోయి వాయించడం ఆపేసింది, తిట్లు తింది.

రోజూ పావుగంట, అంతే. వేళ్ల కొసలు ఎర్రబడ్డాయి, పొక్కులు లేచాయి, నాలుగో వారానికి గట్టిపడ్డాయి. పాట కూడా వచ్చింది. ఏ పాటో చెప్పను, ఇంటిల్లిపాదికీ దానిమీద విసుగు పుట్టింది.

మొన్నొక మధ్యాహ్నం. పిల్ల స్కూలుకెళ్లింది, ఆవిడ కునుకు తీస్తోంది. పెద్దాయన తలుపు దగ్గరగా వేసి నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. జీనత్ అమన్ పాటే అయ్యుంటుందనుకున్నాను. కాదు. లావు తీగ మీటాడు, గొంతు సవరించుకున్నాడు, చెవి మెలిపెట్టాడు. ఒకటి, రెండు. మూడో తీగ దగ్గర చాలాసేపు ఆగాడు. తిప్పాడు, విన్నాడు, మళ్లీ తిప్పాడు, చాలనుకున్నాడు. అది ఇంకా వెంట్రుకవాసి దిగే ఉంది.

“పైకి,” అంది పక్కగదిలోంచి నిద్రగొంతు.