మేకు ఖరీదు నెల అద్దె

పొన్నూరులో అద్దె ఇల్లు ఖాళీ చేయడం పెద్ద పనేం కాదు. సామాను ఆటో ట్రాలీకి ఎక్కించడానికి ఓ పూట చాలు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఇంటాయన కళ్లజోడు తుడుచుకుని గోడల తనిఖీకి వస్తాడు. స్లాబు కారుతోందని ఫోన్ చేసినప్పుడల్లా ‘వానలు తగ్గనీయండి, చూద్దాం’ అన్న మనిషే, ఇప్పుడు మిక్సీ ఉన్నచోట కుంకుడుగింజంత మరకను సెల్ లైటు వేసి మరీ పట్టుకుంటాడు. హాల్లో క్యాలెండరు మేకు. బాత్రూము తలుపుకి వదులైన గొళ్లెం. పడగ్గది గోడకు బీట. అన్నీ కాగితం మీద వేసి కూడితే, ఏం చిత్రమో, సరిగ్గా అడ్వాన్సంత అవుతుంది. రూపాయి అటూ ఇటూ కాదు.

ఆ బీట సంగతి కొంచెం మాట్లాడుకోవాలి. మనది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలిస్తుంది. కోత కోసిన చేలో అరచెయ్యి దూరే నెర్రె కనబడితే ‘రేగడి కదా’ అనుకుని దాటుకుపోతాడు ఇంటాయన. అదే నేల మీద, పునాదిలో ఖర్చు మిగుల్చుకుని తాను లేపిన గోడ చీలితే మాత్రం ‘మీ పిల్లాడు బంతేసి కొట్టాడా?’ అంటాడు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఒకటుంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలంటుంది, నిజమే. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను, మనిషి ఆపలేని శక్తి వల్ల జరిగిన నష్టాన్ని అందులోంచి మినహాయించింది. యజమాని చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో కోసుకోవచ్చనీ చెప్పింది. ఈ ముక్క ఇంటాయన చెవిన వేసి చూడండి, సాయంత్రానికల్లా గేటుకు టులెట్ బోర్డు ఎక్కుతుంది.

అయితే ఒప్పందంలోగానీ, ఊరి ఆనవాయితీలోగానీ వేరే మాట లేకపోతేనే ఆ సెక్షను. ఇంటాయనకు చట్టంలో నచ్చిన ముక్క ఇదొక్కటే. అందుకే జిరాక్సు షాపు అగ్రిమెంటులో ‘ఖాళీ చేయునపుడు పెయింటింగు నిమిత్తం ఒక నెల అద్దె’ అన్న వాక్యం ఉంటుంది. ఆ అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, రిజిస్ట్రేషను తప్పుతుందని. 1999 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో ఎంత కాలపు లీజైనా రిజిస్టరు చేయించాల్సిందేనని సవరణ వచ్చిన సంగతి ఆ జిరాక్సు మిషనుకు ఇంకా తెలిసినట్టు లేదు. కోర్టులో సరిగా నిలబడని కాగితమే అడ్వాన్సు కోసేటప్పుడు మాత్రం శిలాశాసనం.

2021 జూన్‌లో కేంద్రం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఇంకా తిన్నగా చెప్పింది. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే సున్నాలూ రంగులూ, పైపులూ, వైరింగూ యజమాని పని. ట్యాపు వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల పని. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. ఈ మాట ఊళ్లో అంటే నవ్వుతారు.

మన పొన్నూరు సహస్రలింగేశ్వరుడి గుళ్లో 24 అడుగుల ఆంజనేయుడు నిలబడి ఉన్నాడు. లంక తగలబెట్టి వచ్చినవాడు. రావణుడు ఆయన తోకకు నిప్పయితే పెట్టించాడు గానీ, పెయింటింగు చార్జీ వేసినట్టు ఏ రామాయణంలోనూ లేదు.

అద్దెకున్నవాళ్లంతా బుద్ధిమంతులని నేననను. నూనె జిడ్డు సింకులో పోసి పైపు పూడ్చేవాళ్లున్నారు, నీళ్లు లేని బోరు మీద మోటారు వదిలేసి కాల్చేవాళ్లున్నారు. ప్లంబరు బిల్లు చూపించి వాళ్ల దగ్గర వసూలు చేయండి, ఎవరు కాదన్నారు? కానీ బిల్లు ఎక్కడిది? కోసుకున్న రంగు డబ్బుతో పెయింటరు గడప తొక్కితే కదా! కొత్తగా దిగేవాళ్లకు ‘ఇల్లు ఉన్నదున్నట్టు’ అని షరతు. వెళ్లేటప్పుడు వాళ్ల దగ్గరా అదే గోడకు అదే రంగు డబ్బు.

పోనీ చేరేరోజే గోడలన్నీ ఫొటోలు తీసి, ఇద్దరం సంతకాలు పెట్టుకుందామండీ అంటే ఇంటాయన మొహం చిన్నబోతుంది. ‘ఏం బాబూ, మా మీద ఆమాత్రం నమ్మకం లేదా?’